జర్మనీలో ‘రెండేళ్ల మనసు’ నుంచి బయటపడటం ఎలా?

జర్మనీలో ఉంటున్న తెలుగువాళ్లను "ఇక్కడే ఉండిపోతారా?" అని అడిగి చూడండి. "ఓ రెండేళ్లు చూసి వెళ్లిపోదామనుకుంటున్నామండీ" అంటారు. నిరుడు వచ్చినవాళ్లూ అదే అంటారు, ఎనిమిదేళ్లుగా ఉన్నవాళ్లూ అదే అంటారు. పిల్లలు ఇక్కడే పుట్టి బడికి వెళ్తుంటారు, ఇంట్లో సగం సామాను మాత్రం ఇంకా అట్టపెట్టెల్లోనే ఉంటుంది. ఎలాగూ వెళ్లిపోతాం కదా అని భాష నేర్చుకోరు. ఎలాగూ వెళ్లిపోతాం కదా అని పక్కింటివాళ్లతో పరిచయం పెంచుకోరు. అక్కడి జీవితం వదిలేసి వచ్చారు, ఇక్కడిది ఇంకా మొదలుపెట్టలేదు.

ఇక్కడ ఇబ్బంది పడుతూ నాకు కనిపించినవాళ్లలో తెలివి తక్కువైనవాళ్లు ఎవరూ లేరు. మంచి ఇంజినీర్లు, మంచి డాక్టర్లు. వాళ్లను వెనక్కి లాగుతున్నది ఈ తాత్కాలిక మనసే అని నా గట్టి నమ్మకం. బ్లూ కార్డ్ (పెద్ద చదువులు చదివిన విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి) మీద వచ్చిన కుటుంబాలను, మాస్టర్స్ ముగించి ఉద్యోగంలో చేరినవాళ్లను దృష్టిలో పెట్టుకుని, అందులోంచి బయటపడటానికి ఏం చేయాలో వరుసగా రాస్తున్నాను.

1. ఐదేళ్లకు ఒక మాట అనుకోండి

జీవితాంతం ఇక్కడే ఉంటామని ఎవరూ మొదటి ఏడాదే తేల్చుకోలేరు, తేల్చుకోనక్కర్లేదు కూడా. కానీ "రెండేళ్లు చూద్దాం" అన్న మాట మాత్రం పక్కన పెట్టండి. భార్యాభర్తలిద్దరూ కూర్చుని, "ఐదేళ్లు ఈ ఊరివాళ్లలాగే బతుకుదాం, ఐదో ఏట మళ్లీ కూర్చుని మాట్లాడుకుందాం" అని తేదీతో సహా కాగితం మీద రాసుకోండి.

ఐదేళ్లే ఎందుకంటే, ఇక్కడి చట్టాల్లో చాలా లెక్కలు ఆ లోపలే తేలతాయి. బ్లూ కార్డ్ ఉన్నవాళ్లు బి1 స్థాయి (రోజువారీ విషయాలు సొంతంగా మాట్లాడగలిగే) జర్మన్ వస్తే 21 నెలలకు, మొదటి మెట్టు అయిన ఎ1 మాత్రమే వస్తే 27 నెలలకు శాశ్వత నివాసానికి అర్హులవుతారు. 60 నెలలు పెన్షన్ చందా కడితే పెన్షన్ హక్కు వస్తుంది. పెన్షన్ వయసు వచ్చేసరికి మీరు గుంటూరులో ఉన్నా డబ్బు అందుతుంది. పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవడానికి ఇక్కడ ఉండాల్సిన కాలం కూడా 2024 జూన్ నుంచి ఐదేళ్లే. రెండేళ్ల లెక్కలో ఆలోచించేవాళ్లు ఇవన్నీ మనవి కావనుకుని ప్రతి మెట్టు దగ్గరా ఆలస్యం చేస్తారు.

ఆ కాగితం రాసుకున్నాక "ఉందామా, వెళ్దామా" అన్న చర్చ ప్రతి ఆదివారం తీసుకురాకండి. అమ్మానాన్నలకు కూడా ఇదే మాట స్పష్టంగా చెప్పండి. "ఈసారి దసరాకి వచ్చేస్తాం, వచ్చే ఏడాది వచ్చేస్తాం" అని వాళ్లకు ఆశ పెడుతూ పోవడం కంటే, ఐదేళ్లు అని చెప్పి ఏటా ఒకసారి తప్పకుండా వెళ్లి రావడం వాళ్లకూ మేలు. ఆ తర్వాత అట్టపెట్టెలు విప్పండి, మంచి మంచం కొనుక్కోండి, గోడకు ఫొటోలు తగిలించండి.

2. ప్రతి ధరనూ రూపాయల్లోకి మార్చడం మానండి

బ్రెడ్ నాలుగు యూరోలా, అంటే నాలుగు వందలా! కటింగ్‌కి పాతిక యూరోలా! కొత్తగా వచ్చినవాళ్లందరికీ ఈ టెన్షన్ ఉంటుంది. కొన్ని నెలలైతే ఫర్వాలేదు. అది అలవాటైపోతే మాత్రం అవసరమైన ఖర్చులే మొదట ఆగిపోతాయి: జర్మన్ క్లాసు ఫీజు, నిజంగా చలి ఆపే కోటు, పిల్లల ఈత క్లాసు, బాధ్యత బీమా.

ఈ బాధ్యత బీమా గురించి కాస్త చెప్పాలి. జర్మన్లు దీన్ని హాఫ్ట్‌ఫ్లిష్ట్ అంటారు. మీ అజాగ్రత్త వల్ల ఎవరికైనా నష్టం జరిగితే, ఎంతైనా సరే, మీ సొంత డబ్బుతో పూడ్చాలని ఇక్కడి సివిల్ చట్టం చెబుతుంది. మీ వాషింగ్ మెషిన్ పైపు ఊడి కింది ఫ్లాట్ తడిసినా, మీ సైకిల్ తగిలి ఎవరైనా పడిపోయినా అదే లెక్క. మామూలు పాలసీ ఏడాదికి వంద యూరోల లోపే దొరుకుతుంది. తప్పనిసరి కాదు కాబట్టి మనవాళ్లు వదిలేస్తారు. వచ్చిన మొదటి నెలలోనే తీసుకోండి.

రూపాయలకు బదులు గంటల్లో లెక్క వేయండి. "ఈ వస్తువు కోసం నేను ఎన్ని గంటలు పని చేయాలి?" అని అడిగితే ఈ దేశంలో దాని అసలు ధర తెలుస్తుంది. ఇంటికి పంపే డబ్బు మాత్రం నెలలో ఒక తేదీకి, ఒక స్థిరమైన మొత్తంగా వెళ్లిపోవాలి. అది పోగా మిగిలింది ఇక్కడ బతకడానికి, దాచుకోవడానికి.

3. చిన్నపిల్లాడిలా మాట్లాడటానికి ఒప్పుకోండి

భాష విషయంలో అందరూ చెప్పే సాకు టైం లేదని. అది కొంతవరకే నిజం. అసలు అడ్డం సిగ్గు. హైదరాబాద్‌లో పదిమంది టీమ్‌ను నడిపిన మనిషి, బేకరీలో నిలబడి సగం వాక్యం చెప్పి ఆగిపోవడానికి ఇష్టపడడు. వెనకాల క్యూ ఉంటుంది, అమ్మే ఆవిడ ముఖం చూస్తుంటుంది. వెంటనే ఇంగ్లీషులోకి దూకేస్తాడు. ఇలా వందసార్లు దూకితే జర్మన్ ఎప్పటికీ రాదు.

ఆఫీసులో ఇంగ్లీషు చాలు, నిజమే. బెర్లిన్‌లో, మ్యూనిక్‌లో చాలా కంపెనీలు ఇంగ్లీషులోనే నడుస్తాయి. కానీ విదేశీయుల ఆఫీసు నుంచి వచ్చే ఉత్తరం జర్మన్‌లో ఉంటుంది. డాక్టరు దగ్గర రిసెప్షన్ జర్మన్‌లో ఉంటుంది. బడిలో తల్లిదండ్రుల సమావేశం రెండు గంటలు జర్మన్‌లో సాగుతుంది. భాష రానివాళ్లు అక్కడ మూగవాళ్లలా కూర్చుని వస్తారు. ఉద్యోగం పోయినప్పుడు ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది, ఎందుకంటే జర్మన్ అడగని ఉద్యోగాలు కొన్ని పెద్ద నగరాల్లో, కొన్ని రంగాల్లోనే ఎక్కువ.

ఏం చేయాలంటే, ముందు ఒక్క చోటు ఎంచుకోండి. మీ వీధి బేకరీయే అనుకుందాం. అక్కడ జర్మన్ తప్ప ఇంకో మాట మాట్లాడనని అనుకోండి. వాళ్లు ఇంగ్లీషులోకి మారితే నవ్వుతూ "ఇష్ లెర్న డాయిచ్" అనండి, అంటే నేను జర్మన్ నేర్చుకుంటున్నానని. చాలామంది ఆగి, నెమ్మదిగా జర్మన్‌లోనే మాట్లాడతారు. కొన్ని వారాలకు ఆ చోటు అలవాటవుతుంది. అప్పుడు రెండో చోటు కలపండి: మందుల షాపు, తర్వాత పిల్లల కిండర్‌గార్టెన్.

దీనితోపాటు క్లాసు తప్పనిసరి. దాదాపు ప్రతి ఊళ్లోనూ ఫోక్స్‌హోఖ్‌షూలె అనే ప్రజా విద్యాకేంద్రం ఉంటుంది. సాయంత్రం క్లాసులుంటాయి, ఫీజు ప్రైవేటు సంస్థల కంటే తక్కువ. ఇంట్లో చదువుకోవడానికి జర్మన్ ప్రసార సంస్థ డాయిచ వెలె వాళ్ల ఆన్‌లైన్ పాఠాలు ఉచితం. ప్రభుత్వం నడిపే ఇంటిగ్రేషన్ కోర్సులో సున్నా నుంచి బి1 దాకా మామూలుగా 600 పాఠాలు పెడతారు, ఒక్కోటి 45 నిమిషాలు. వారానికి రెండు సాయంత్రాలు, పూటకు నాలుగు పాఠాల చొప్పున వేసుకుంటే ఏడాదిన్నర. అంటే వచ్చిన నెలలోనే మొదలుపెట్టినవాళ్లకు 21వ నెల నాటికి బి1 సర్టిఫికెట్ చేతిలో ఉంటుంది. పైన చెప్పిన శాశ్వత నివాసం గడువూ అదే.

ఇంకో మాట. బ్లూ కార్డ్ మీద వచ్చినవారి భార్యకు లేదా భర్తకు ఇక్కడ మొదటి రోజు నుంచే ఏ ఉద్యోగమైనా చేసుకునే హక్కు ఉంది. కానీ ఇంట్లో జరిగేది వేరు. ఉద్యోగం చేసేవాళ్లకు ఆఫీసు ఉంటుంది, మనుషులుంటారు. తోడుగా వచ్చినవాళ్లు, తరచుగా బీటెక్, ఎంసీఏ చదివి ఉద్యోగం వదులుకుని వచ్చిన ఆడవాళ్లు, నాలుగు గోడల మధ్య ఉండిపోతారు. ఇద్దరిలో ఒక్కరికే ఫీజు కట్టగలిగే పరిస్థితి ఉంటే, ఇంట్లో ఉండేవారికే కట్టండి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. క్లాసుకు వెళ్లే సాయంత్రాల్లో పిల్లల్ని రెండోవారు చూసుకోవాలి.

4. ఉత్తరాల పెట్టెను రోజూ తెరవండి

ఇక్కడ ప్రభుత్వం మీతో ఇప్పటికీ చాలావరకు ఉత్తరాల ద్వారానే మాట్లాడుతుంది. ఇల్లు మారిన రెండు వారాల్లో పౌరుల సేవా కార్యాలయమైన బ్యుర్గర్‌ఆమ్ట్‌కి వెళ్లి చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి. ఆ తర్వాత 11 అంకెల పన్ను నంబరు పోస్టులోనే వస్తుంది. ఇంటికి నెలకు 18.36 యూరోల రేడియో, టీవీ రుసుము కట్టమన్న ఉత్తరం కూడా వస్తుంది. మీ ఇంట్లో టీవీ లేకపోయినా కట్టాలి. పెట్టె మీద మీ ఇంటిపేరు లేకపోతే పోస్టుమాన్ ఉత్తరం వేయకుండా వెనక్కి పంపేస్తాడు, కాబట్టి దిగిన రోజే పేరు అతికించండి.

మార్చుకోవలసిన అలవాటు "ఏముందిలే, తర్వాత చూద్దాం" అనడం. పన్ను ఆఫీసు లెక్క మీద అభ్యంతరం ఉంటే మామూలుగా ఒక నెలలోపు రాసి పంపాలి. గడువు దాటితే మీ మాట ఎంత న్యాయమైనదైనా వినరు. పసుపు కవరులో వచ్చిందంటే అది అధికారికంగా అందజేసిన కాగితం. కవరు మీద వేసిన తేదీ నుంచే గడువు మొదలవుతుంది, ఆ కవరు పారేయకండి. ఉత్తరం వచ్చిన రోజే ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసి చూడండి, గడువు తేదీ క్యాలెండర్‌లో వేయండి, ఫైల్లో పెట్టండి.

మనకు ఊళ్లో పని కావాలంటే తెలిసినవాళ్ల చేత చెప్పించే అలవాటు ఉంది. ఇక్కడ పైరవీ నడవదు. మొదట్లో ఇది ఇబ్బందిగా అనిపిస్తుంది, కౌంటర్ దగ్గర ఎంత బతిమాలినా ఒక కాగితం తక్కువైతే పంపించేస్తారు. కానీ కాగితాలన్నీ సరిగ్గా ఉంటే, ఎవరినీ తెలియని మీ పని కూడా అయిపోతుంది. నాకు ఈ దేశంలో బాగా నచ్చిన సంగతుల్లో ఇదొకటి. ఏ కాగితం కావాలో అర్థం కాకపోతే కారిటాస్, డియాకొనీ, ఆవో వంటి సంస్థల్లో వలసదారుల సలహా కేంద్రాలుంటాయి. అక్కడ ఉచితంగా సలహా ఇస్తారు. వాళ్ల దగ్గరికి వెళ్లడానికి మొహమాటపడేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. అవి ఉన్నదే మీ కోసం.

5. ఆఫీసులో ‘సరే’ అనేముందు ఆగండి

మన దగ్గర మేనేజర్ అడిగితే "చేసేస్తానండీ" అనడం మర్యాద. అది మాట ఇచ్చినట్టు కాదని ఇద్దరికీ తెలుసు. ఇక్కడ మీరు సరే అంటే అది ఒప్పందం. బుధవారానికి సరే అని బుధవారం ఉదయం "ఇంకా అవలేదు" అంటే మీ మీద నమ్మకం పోతుంది. సోమవారమే "బుధవారానికి అవదు, శుక్రవారానికి ఇస్తాను, కారణం ఇది" అని చెప్పినవాళ్లను మాత్రం గౌరవిస్తారు. కాబట్టి కొన్నాళ్లు ఈ నియమం పెట్టుకోండి: ఏ గడువుకైనా వెంటనే ఒప్పుకోకుండా "చూసి మధ్యాహ్నంలోగా చెబుతాను" అనండి. తర్వాత నిజమైన తేదీ చెప్పండి.

రెండోది విమర్శ. పదిమంది ఉన్న మీటింగులో "ఇది తప్పు, ఇలా పనిచేయదు" అని ముఖం మీదే చెబుతారు. మనకది పరువు పోయినట్టు అనిపిస్తుంది, రాత్రంతా నిద్ర పట్టదు. ఆ చెప్పిన మనిషి మాత్రం పది నిమిషాల తర్వాత మీతో కలిసి భోజనానికి వస్తాడు. ఆయన మాట్లాడింది మీ పని గురించే. అక్కడికక్కడే "ఎలా ఉంటే సరిపోతుంది?" అని అడగండి, రాసుకోండి, ఆ రోజు ఆయనతోనే భోంచేయండి. మీకు కూడా వేరేవాళ్ల పనిలో తప్పు కనిపిస్తే చెప్పాలి. మౌనంగా ఉంటే మర్యాదస్తులనుకోరు, అభిప్రాయం లేదనుకుంటారు.

మొదటి ఆరు నెలలు సాధారణంగా ప్రొబేషన్. ఆ కాలంలో ఎవరైనా రెండు వారాల నోటీసుతో ఒప్పందం ముగించవచ్చు. అందుకే మూడో నెలలోనే మేనేజర్‌తో అరగంట అడిగి తీసుకుని, "ఏది బాగుంది, ఏది మార్చుకోవాలి?" అని తేటగా అడగండి.

జ్వరంతో ఆఫీసుకు వెళ్లి నిజాయితీ చూపించాలనుకోవద్దు. పక్కవాళ్లకు అంటిస్తారని కోప్పడతారు. ఉదయమే కబురు చేయండి. మూడు రోజులు మించితే డాక్టరు సర్టిఫికెట్ కావాలి, కొన్ని కంపెనీలు మొదటి రోజే అడుగుతాయి. అదే జబ్బుకు ఆరు వారాల దాకా కంపెనీ పూర్తి జీతం ఇస్తుంది, ఇది చేరిన నాలుగు వారాల తర్వాత వర్తిస్తుంది. వారానికి ఐదు రోజులు పనిచేసేవాళ్లకు చట్టప్రకారం కనీసం 20 రోజుల సెలవు ఉంది, చాలా కంపెనీలు 30 దాకా ఇస్తాయి. వాడుకోండి. పుట్టినరోజుకు కేకు ఎవరో తెస్తారని చూడకండి, ఇక్కడ పుట్టినరోజు ఎవరిదైతే వాళ్లే తెస్తారు. ముందురోజే శుభాకాంక్షలు చెప్పకండి, అశుభం అనుకుంటారు.

6. తెలుగు గ్రూపు ఉండనివ్వండి, ఇంకోటి కలపండి

వచ్చిన కొత్తలో ఇల్లు, కుక్కరు, ధైర్యం ఇచ్చేది తెలుగువాళ్లే. ఆ బంధం వదలకండి. వీసా గురించి, చట్టాల గురించి మాత్రం వాట్సాప్‌లో వచ్చినదాన్ని నమ్మి నిర్ణయాలు తీసుకోవద్దు.

జర్మనీలో రిజిస్టరైన ఫెరైన్‌లు, అంటే సంఘాలు, ఆరు లక్షలకు పైగా ఉన్నాయి. ఫుట్‌బాల్, కొండలెక్కడం, పాటలు, తోటపని, స్వచ్ఛంద అగ్నిమాపక దళం, దేనికైనా ఉంటుంది. ఏడాదికి కొద్దిపాటి చందా. ఇక్కడివాళ్లతో స్నేహం కాఫీ తాగితే కుదరదు, కలిసి పని చేస్తే కుదురుతుంది, అదీ నెమ్మదిగా. ఒకటి ఎంచుకుని ఏడాదిపాటు మానకుండా వెళ్లండి. ఇంటికి పిలవాలంటే మూడు వారాల ముందే తేదీ చెప్పండి.

7. అవమానాన్నీ మొరటుతనాన్నీ వేరుగా చూడండి

గట్టిగా మాట్లాడిన ప్రతివాళ్లూ జాతి ద్వేషులు కారు. గాజు సీసా తప్పు డబ్బాలో వేస్తే ముసలావిడ కోప్పడింది అంటే ఆవిడ జర్మన్లనూ అలాగే కోప్పడుతుంది. కానీ ఇంటిపేరు చూసి ఇల్లు ఇవ్వకపోవడం, రంగు చూసి తక్కువగా మాట్లాడటం కూడా ఇక్కడ ఉన్నాయి. వాటిని "మన తప్పేమో" అని మింగేయకండి. సమాన ఆదరణ చట్టం 2006 నుంచి ఉంది. ఉద్యోగంలో గానీ, అద్దె విషయంలో గానీ వివక్ష జరిగితే రెండు నెలల్లోపు మీ క్లెయిమ్ పెట్టాలి. ఫెడరల్ వివక్ష నిరోధక కార్యాలయం ఉచితంగా సలహా ఇస్తుంది. తేదీ, మాట, అక్కడున్నవాళ్లు ఎవరు అన్నది ఆ రోజే రాసి పెట్టుకోండి.

8. పిల్లల చదువు మీద పాత కొలతలు పెట్టకండి

చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి తర్వాత పిల్లల్ని వేరువేరు బడులకు పంపుతారు, బెర్లిన్, బ్రాండెన్‌బుర్గ్‌లలో ఆరో తరగతి తర్వాత. యూనివర్సిటీకి దారితీసే గిమ్నాజియుంలో సీటు రాకపోతే మన ఇళ్లలో చావు కబురు విన్నట్టు ఉంటుంది. తర్వాత మారే దారులు ఇక్కడ చాలా ఉన్నాయి. కంపెనీలో జీతంతో పని నేర్చుకుంటూ బడికి వెళ్లే ఆవుస్‌బిల్డుంగ్ చదివి, మైస్టర్ (ఆ పనిలో నిపుణుడిగా పై పరీక్ష పాసైనవాడు) అయిన ఎలక్ట్రీషియన్‌కు ఇక్కడ మంచి సంపాదన, గౌరవం ఉన్నాయి. చేతిపనిని తక్కువగా చూసే మన అలవాటును పిల్లల నెత్తిన పెట్టకండి.

ఇంట్లో తెలుగే మాట్లాడండి, జర్మన్ బడిలో వస్తుంది. టికెట్లు చవకగా దొరుకుతాయని, సెలవులకు వారం ముందే పిల్లల్ని ఇండియా తీసుకెళ్లకండి. బడి మానిపించడం ఇక్కడ చట్టవిరుద్ధం, జరిమానా వేస్తారు.

9. చలికాలంలో పెద్ద నిర్ణయాలు వద్దు

డిసెంబరులో బెర్లిన్‌లో సాయంత్రం నాలుగు కాకుండానే సూర్యుడు దిగిపోతాడు, ఉదయం ఎనిమిది దాటాక గానీ కనబడడు. మనవాళ్లు "ఉద్యోగం మానేసి వెళ్లిపోదాం" అనుకునేది ఎక్కువగా ఈ నెలల్లోనే. అలా అనిపిస్తే రాసి పెట్టుకుని ఏప్రిల్‌లో మళ్లీ చదవండి. మధ్యాహ్నం భోజన విరామంలో అరగంట బయట నడవండి, వర్షమున్నా సరే. దిగులు వారాల తరబడి వదలకపోతే ఫ్యామిలీ డాక్టరుకు చెప్పండి. మానసిక చికిత్సకు ప్రభుత్వ ఆరోగ్య బీమా డబ్బు కడుతుంది, మొదటి అపాయింట్‌మెంట్ ఇప్పించడానికి 116117 నంబరు ఉంది.

10. ఐదో ఏట బల్ల ముందు కూర్చోండి

మొదట్లో రాసుకున్న తేదీ వచ్చింది. ఇప్పుడు ఉండటమా వెళ్లడమా అన్నది నిజంగా తేల్చుకోవచ్చు, ఎందుకంటే రెండు దారులూ మీ చేతిలో ఉన్నాయి. పౌరసత్వ పరీక్షలో 33 ప్రశ్నలకు 17 సరిగ్గా రాస్తే చాలు. జర్మనీ రెండో పౌరసత్వాన్ని ఒప్పుకుంటుంది గానీ ఇండియా ఒప్పుకోదు, భారత పాస్‌పోర్టు వదులుకోవాలి. ఆ తర్వాత, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకోవచ్చు. వ్యవసాయ భూమి కొనడానికి ఓసీఐ పనికిరాదు, కాబట్టి ఊళ్లో పొలం గురించి ఇంట్లో ముందే మాట్లాడుకోండి. 2024 మార్చి 1 తర్వాత మొదటిసారి నైపుణ్య ఉద్యోగి అనుమతి పొందినవాళ్లకు తల్లిదండ్రులను తెచ్చుకునే దారి కూడా తెరిచారు. వాళ్ల ఆరోగ్య బీమా ఖర్చు పూర్తిగా మీదే, అది చిన్న మొత్తం కాదు, ముందుగా ధరలు కనుక్కోండి. పెన్షన్ సంస్థ నుంచి మీ చందాల వివరాల కాగితం, మూడేళ్ల పన్ను లెక్కలు, భాషా సర్టిఫికెట్లు, పిల్లల బడి రిపోర్టులు ఆ రోజు బల్ల మీద పెట్టుకోండి. ఇద్దరూ విడివిడిగా తమ జవాబు రాసుకున్నాకే ఒకరిది ఒకరు చదవండి.